ఆయన చెప్పిన ఆకుపచ్చ

నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన రిపోర్టుల్లోకెల్లా పొడవైనది నాలుగు పేజీలు. ఒక పాత గిటారుకు మొట్టమొదట ఏ రంగు ఉండేదో శాస్త్రీయంగా నిరూపిస్తూ రాశాను. అందులో పట్టికలు ఉన్నాయి. ఒక గ్రాఫు కూడా ఉంది. పైన వేసిన తేదీ, కింద పెట్టిన సంతకం తప్ప మిగిలినదంతా తప్పు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చి ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లలు సిడ్నీలో మనవాళ్ళ హోటళ్ళుండే హారిస్ పార్క్‌లో దోసెల దగ్గర కలిసినప్పుడు, "ఆంటీ, ఇరవై రెండేళ్ళు ఒకే చోట ఎలా చేశారు, బోర్ కొట్టలేదా?" అని అడుగుతుంటారు. వాళ్ళకు నేను నెగ్గిన కథలు చెప్పి పంపిస్తుంటాను. ఇది మాత్రం చెప్పలేదు. ఇప్పుడు రిటైరయ్యాను కనుక, చెప్పినా నా ఇంక్రిమెంటుకు వచ్చే నష్టం లేదు.

ముందు నేను అక్కడికి ఎలా చేరానో చెప్పాలి. విశాఖపట్నంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, ఒక రంగుల కంపెనీ ల్యాబ్‌లో ఆరేళ్ళు పనిచేశాను. మావారి ఉద్యోగం కోసం సిడ్నీ వచ్చాక కనిపించిన ల్యాబ్‌కల్లా దరఖాస్తు పెట్టాను. అందరూ ఒకటే అడిగారు: లోకల్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా అని. మీరు ఉద్యోగం ఇస్తేనే కదా అది వచ్చేది అని తిరిగి అడిగే ధైర్యం అప్పట్లో నాకు లేదు. చివరికి, లక్కర్ గురించి తెలిసినవాళ్ళు కావాలని ఎవరో వేసిన చిన్న ప్రకటన చూసి వెళ్ళాను. లక్కర్ అంటే చెక్క మీద అద్దంలా మెరిసే పూత. మా కంపెనీలో దాన్ని పీపాల లెక్కన తయారు చేసేవాళ్ళం.

పడమటి సిడ్నీలో అదొక రేకుల షెడ్డు. ఒక పక్క కారు టైర్ల దుకాణం, ఇంకో పక్క ఈతకొలనుల పంపులు బాగుచేసేవాళ్ళు. మధ్యలో మా యజమాని పాత పియానోలు, గిటార్లు, రేడియో పెట్టెలు తెచ్చుకుని వాటి చెక్కకు మళ్ళీ ప్రాణం పోసేవాడు. ఆయన నన్ను కూర్చోమని కూడా అనలేదు. తెల్లగా మబ్బు కమ్మినట్టున్న ఒక చెక్కముక్క చేతికిచ్చి, "ఇదెందుకు ఇలా అయింది?" అన్నాడు.

"గాలిలో తేమ ఉన్న రోజున పూత వేశారు. తేమ లోపల ఇరుక్కుంది. మా ఊళ్ళో ఏడాదికి పది నెలలు ఇదే బాధ," అన్నాను.

"సోమవారం రా," అన్నాడు. అదే నా ఇంటర్వ్యూ.

షెడ్డులో మేం ముగ్గురం. చిన్నప్పుడే వియత్నాం నుంచి వచ్చిన ఒకావిడ లోహపు పనంతా చూసేది. ఇనుము, ఇత్తడి, అల్యూమినియం ఆవిడవి. చెక్క, రంగు నావి. మాట్లాడకుండా ఉండడం యజమాని పని. రోజుకు పది మాటలు దాటితే ఆయనకు ఒంట్లో బాగాలేదేమో అని మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

ఇక ఆ గిటారు సంగతి. నేను రిటైర్ కావడానికి కొన్నేళ్ళ ముందు, ఎనభై నాలుగేళ్ళ పెద్దాయన ఒకాయన ఊతకర్రతో దిగి, తన వ్యాను వెనక తలుపు తీశాడు. దుప్పటి చుట్టిన పెద్ద వస్తువు కనిపించింది. దుప్పటి తీస్తే పెడల్ స్టీల్ గిటారు. ఇలాంటి గిటారు చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను: ఇది భుజానికి తగిలించుకునేది కాదు. నాలుగు కాళ్ళ బల్ల మీద రెండు గిటార్లను పక్కపక్కనే పడుకోబెట్టినట్టు ఉంటుంది. వాయించేవాడు కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చుంటాడు. ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తాడు, కుడి చేత్తో మీటుతాడు, కాళ్ళతో పెడళ్ళు తొక్కుతాడు, మోకాళ్ళతో మీటలు నెడతాడు. ఒకసారి మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు షెడ్డులో అలాంటిదాన్ని చూసి, "కుట్టుమిషను బాగుందే, దారం ఎక్కడ పెడతారు?" అని అడిగింది. నాకు అంతకంటే మంచి వర్ణన ఇంతవరకూ దొరకలేదు.

ఆయన తెచ్చిన దాని చెక్క పెట్టెకు మందంగా నల్ల ఎనామెల్ వేసి ఉంది, ఇంటి గేటుకు వేసే రకం.

"ఇది మొదట ఇలా ఉండేది కాదు లవ్," అన్నాడాయన. ఇక్కడ అరవై దాటిన వాళ్ళందరూ ఆడవాళ్ళను లవ్ అనే పిలుస్తారు. మొదటి వారం నేను ఉలిక్కిపడ్డాను, తర్వాత నేనే కూరగాయల కొట్టాయన్ను అలా పిలవడం మొదలుపెట్టాను. "ఇరవై రెండేళ్ళప్పుడు కొన్నాను. అమెరికా నుంచి వచ్చి వాయించిన ఒకతను తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మేసి వెళ్ళాడు. రెండు నెలలు తిరక్కుండానే మా బ్యాండ్ నాయకుడు అందరి వాయిద్యాలకూ నల్ల రంగు వెయ్యాలన్నాడు. వాళ్ళ తమ్ముడే గీకి, రుద్ది, ఇదిగో ఇలా పూసి పెట్టాడు. అప్పటినుంచీ ఇంతే."

"మొదట ఏ రంగు?" అన్నాను.

"ఆకుపచ్చ. ముదురు ఆకుపచ్చ. భలే రంగు." ఆయన కళ్ళు ఎక్కడికో వెళ్ళొచ్చాయి. "నవంబరులో మా అరవయ్యో పెళ్ళిరోజు. మా ఊరి హాల్లో అందరినీ పిలుస్తున్నాం. మా ఆవిడ నన్ను మొట్టమొదట చూసిన రోజున ఈ గిటారు ఎలా ఉందో, అలాగే ఆమె ముందు పెట్టి వాయించాలి. ఆమెకు తెలియదు. మీరు మా ఇంటికి ఫోను కూడా చెయ్యొద్దు, మొబైల్‌కే చెయ్యండి."

నాకు ఆ పని తెగ నచ్చింది. నల్ల పూతంతా జాగ్రత్తగా తీశాను. నాలుగు రోజులు పట్టింది. కింద మేపుల్ చెక్క బయటపడింది, ఒళ్ళంతా పక్షి కళ్ళలాంటి చిన్న చిన్న చుక్కలతో. కానీ ఆ తమ్ముడుగారు ఎంత శ్రద్ధగా రుద్దాడంటే, పాత రంగు ఒక్క మరక కూడా మిగల్లేదు. అప్పుడు మా వియత్నాం ఆవిడ రెండు చివరలా ఉండే అల్యూమినియం పలకలు విప్పింది. పలక కింద, వెలుతురు తగలని చోట, రెండు వేళ్ళ వెడల్పున పాత పూత అలాగే ఉంది.

ఎరుపు. పండిన చెర్రీ పండు ఎరుపు.

"ఎర్రది," అంది ఆవిడ.

యజమాని దూరం నుంచే చూసి, "రెడ్," అని వెళ్ళిపోయాడు.

ఇక్కడే నా ఎమ్మెస్సీ అడ్డం వచ్చింది. సొంతదారు బతికి ఉన్నాడు, ఎదురుగా నిలబడి ఆకుపచ్చ అంటున్నాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, మతిమరుపూ లేదు. ఆరు దశాబ్దాల నాటి తీగల కొలతలు కూడా గడగడా చెబుతాడు. కాబట్టి చెక్కదే తప్పయి ఉండాలి. రెండు రోజులు ఆలోచించి ఒక సిద్ధాంతం తయారు చేశాను. తయారీదారు మొదట ఎర్రటి అడుగుపూత వేశాడు. తర్వాత అల్యూమినియం పలకలు బిగించేసి, కనిపించే చోట మాత్రమే పైన ఆకుపచ్చ పూత వేశాడు. అందుకే పలక కింద ఎరుపు మాత్రమే మిగిలింది. ఎరుపు మీద ఆకుపచ్చ వేస్తే రంగుకు లోతు వస్తుందని కూడా రాశాను. అదే ఆ నాలుగు పేజీల రిపోర్టు. యజమాని చదవకుండా సంతకం పెట్టాడు. వియత్నాం ఆవిడ చదివింది. చదివి, "నువ్వు చాలా చదువుకున్నావు," అంది. నేను దాన్ని పొగడ్త అనుకున్నాను.

పెద్దాయన మోకాలి వైద్యానికి రెండు వారాలకోసారి సిడ్నీ వచ్చేవాడు. వాళ్ళ ఊరు కొండలకు అవతల, కౌరా దగ్గర. కారులో నాలుగు గంటలు. వచ్చినప్పుడల్లా మా షెడ్డుకు వచ్చి నా నమూనాలు చూసేవాడు. అరచెయ్యంత చెక్కముక్కల మీద రకరకాల ఆకుపచ్చలు వేసి వరసగా పెట్టేదాన్ని.

"ఇది కాదు లవ్. ఇందులో బూడిద రంగు కలిసింది."

నేను బూడిద అన్నది కలపనే లేదు. మళ్ళీ వచ్చాడు.

"ఇదీ కాదు. ఇది ఇంకా బూడిదగా ఉంది. ఆసుపత్రి గోడలాగ."

మూడోసారి ఆరు నమూనాలు. ఆరింటిలోనూ బూడిదే కనిపించింది ఆయనకు. నేను రంగు డబ్బాల మీద చీటీలు మళ్ళీ చదివాను, తుపాకీ విప్పి కడిగాను, షెడ్డులో దీపాలు మార్పించాను. తుపాకీ అంటే రంగు పిచికారీ చేసేది, భయపడకండి. ఇంటికొచ్చి అన్నం తింటుంటే కూడా ఆ బూడిదే గుర్తొచ్చేది. చివరికి ఆయనకే నా మీద జాలి కలిగినట్టుంది. బీరు సీసా రంగులో ఉన్న ఒక ముదురు ఆకుపచ్చ ముక్కను పట్టుకుని, "వీటన్నిటిలో ఇదే కాస్త దగ్గర. ఇదే కానివ్వు," అన్నాడు.

నేను కానిచ్చాను. పూత మీద పూత, మధ్యలో ఆరబెట్టడం, నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్దడం, మళ్ళీ పూత. ఐదు వారాలు. నా చేతి మీదుగా వచ్చిన పూతల్లో అంత నున్నటిది నాకు గుర్తులేదు. షెడ్డు తలుపు తెరిస్తే అవతల రోడ్డు మీద పోయే బస్సు దాని మీద కనిపించేది.

పెద్దాయన వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. మేం ముగ్గురం బల్ల దగ్గర భోజనాలు తెరిచాం. ఆయన గిటారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు భాగం మీద అరచెయ్యి పెట్టి మెల్లగా రాశాడు. 

"చాలా బాగుంది," అన్నాడు చివరికి. "కానీ లవ్, ఇది నాది కాదు."

 ఆయన నన్ను నొప్పించకూడదని ఇంకేదో చెబుతూ మా బల్ల వైపు వచ్చాడు. నా టిఫిన్ డబ్బా తెరిచి ఉంది. పెరుగన్నం, దాని పక్కన చిన్న గిన్నెలో ఆవకాయ. ఆయన వంగి ఆ గిన్నెలోకి చూశాడు.

"నువ్వు తింటున్న ఆ ఆకుకూర ఏమిటి?"

"ఏ ఆకుకూర?"

"ఆ గిన్నెలో. ఆ ఆకుపచ్చది. అదిగో, అదే రంగు. కాస్త ముదురుగా ఉండాలి, కానీ అదే. అందులో బూడిద లేదు చూడు."

నేను ఆవకాయ వైపు చూశాను. నూనె తేలి, కారం కారంగా, మా అత్తగారు గుంటూరు మిరపకాయలతో పట్టించి పంపినది. అంతకంటే ఎర్రటి వస్తువు ఆ షెడ్డులో నిప్పు ఆర్పే సిలిండరు ఒక్కటే. వియత్నాం ఆవిడ నూడుల్స్ పైకెత్తిన చేతిని అలాగే ఆపేసింది. నా చెంచా పెరుగన్నంలోనే ఆగిపోయింది. యజమాని సాండ్‌విచ్ కింద పెట్టాడు.

"సరే," అన్నాడు యజమాని. "ఆ ఆకుపచ్చే. వేస్తాం."

పెద్దాయన మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. టోపీ పెట్టుకున్నాడు. "మంచిది," అని ఊతకర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

వ్యాను మలుపు తిరిగింది. తర్వాత యజమాని బీరువాలోంచి నా నాలుగు పేజీల రిపోర్టు తీసి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి, మొదటి పేజీలో ఎరుపు అన్న మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. నేను రిటైరయ్యే రోజుదాకా అది అక్కడే ఉంది. పాలు తీసుకోవాలంటే దాన్ని చూడక తప్పేది కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా అమ్మాయి అప్పుడు యూనివర్సిటీలో రెండో ఏడాది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ముప్పాతిక ఇంగ్లీషులో వస్తుంది.

"మమ్, హీ ఈజ్ కలర్ బ్లైండ్. ఇట్స్ సో ఆబ్వియస్," అంది ఫోన్లోంచి తలెత్తకుండా. "రెడ్, గ్రీన్ వాళ్ళకి ఒకటే, బ్లూయిష్ గ్రీన్ గ్రేలా కనిపిస్తుంది. దిస్ ఈజ్ ఇయర్ నైన్ సైన్స్."

ఆ ఒక్క ముక్కతో నా రెండు నెలల బూడిద విడిపోయింది. ఆయన మొదటినుంచీ ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాడు. చెక్కా నిజమే చెప్పింది. మధ్యలో అబద్ధం చెప్పింది నా రిపోర్టు ఒక్కటే.

"అయితే ఎర్రదని ఆయనకు చెప్పేస్తే పోలా?" అన్నారు మావారు.

"ఎలా చెప్పమంటారండీ? ఎనభై నాలుగేళ్ళ మనిషికి ఫోన్ చేసి, సార్, మీకు రంగులు తెలియవు అనా?"

"నాట్ యువర్ జాబ్, మమ్," అంది మా అమ్మాయి. "యువర్ జాబ్ ఈజ్ ద గిటార్."

మర్నాడు షెడ్డులోనూ అదే చర్చ. చెప్పాలని వియత్నాం ఆవిడ పట్టుబట్టింది. "హాల్లో అందరి ముందూ ఇదే నా ఆకుపచ్చ గిటారు అంటాడు. అందరూ నవ్వుతారు. భార్య కూడా అక్కడే ఉంటుంది. అప్పుడు తెలిస్తే బాగుంటుందా?" ఆ మాట నిజమే. యజమాని భుజాలెగరేసి పియానో దగ్గరికి పోయాడు. ఆయనకు ఆ రోజు కోటా అయిపోయింది.

రెండుసార్లు పెద్దాయన మొబైల్‌కు ఫోన్ చేశాను. మొదటిసారి, "రంగు గురించి ఒక మాట చెప్పాలి," అనగానే, "నువ్వు చూసుకుంటావులే లవ్," అని తీగల గురించి మొదలుపెట్టాడు. రెండోసారి వాళ్ళ ఊళ్ళో కురిసిన వర్షం గురించి పావుగంట చెప్పి పెట్టేశాడు. మూడోసారి చేసే ధైర్యం చాల్లేదు.

ఐదు వారాల పనిని మూడు రోజుల్లో తీసేశాను. పలక కింద ఉన్న రెండు వేళ్ళ ఎరుపుకు సరిపోయేదాకా రంగు కలిపాను. ఈసారి సిద్ధాంతం ఏదీ లేదు. కన్ను, చెక్క, పగటి వెలుతురు, అంతే. నాలుగో నమూనాకే కలిసింది. పూత ఆరాక మేపుల్ చుక్కలు ఆ ఎరుపు లోపలినుంచి పైకి చూస్తున్నట్టు ఉండేవి. మనసులో మాత్రం భయం. నేను ఎంత బాగా చేస్తే హాల్లో అది అంత ఎర్రగా కనిపిస్తుంది కదా.

నవంబరులో, వాళ్ళ వేడుక జరిగే శనివారం, మేమే వ్యానులో గిటారును తీసుకెళ్ళాం. ప్రయాణం తర్వాత పెడళ్ళ కింది కడ్డీలు మళ్ళీ సరిచెయ్యాలి, అది వియత్నాం ఆవిడ తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. యజమాని డ్రైవింగ్. నేను వెనక కూర్చుని ప్రతి మలుపులోనూ గిటారును పట్టుకున్నాను.

ఊరి హాలు చిన్నది. రేకుల కప్పు, చెక్క నేల, గోడకు పాత క్రికెట్ జట్ల ఫొటోలు. ఒక మూల పెద్ద టీ పాత్ర, బల్లల మీద కేకులు, కొబ్బరి కోరులో దొర్లించిన లామింగ్టన్లు. అరవై మంది దాకా ఉంటారు. మొదటి వరసలో ఆయన భార్య కూర్చుంది. సన్నటి మనిషి, తెల్లటి జుట్టు, మెడలో ముత్యాలు. చుట్టూ పిల్లలు, మనవలు, మునిమనవలు. వేదిక మీద గిటారును దుప్పటి కప్పి ఉంచాం. మేం ముగ్గురం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. 

పెద్దాయన ఊతకర్ర పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. మైకు సరిచేసుకున్నాడు.

"నేను ఎక్కువ మాట్లాడే వాణ్ణి కాదని మీకు తెలుసు," అన్నాడు. "అరవై రెండేళ్ళ కిందట ఇదే హాల్లో ఒక అమ్మాయి నా ముందు నిలబడింది. కొత్త గిటారు కొన్న గర్వంలో ఉన్నాను నేను. ఆమెతో నేనన్న మొదటి మాట ఒకటే. నీ గౌనూ నా గిటారూ ఒకటే ఆకుపచ్చ అన్నాను." దుప్పటి లాగేశాడు. "ఇదిగో. అదే ఆకుపచ్చ."

కిటికీలోంచి వచ్చే మధ్యాహ్నపు ఎండ సరిగ్గా దాని మీదే పడింది. ఎరుపు అంటే ఎరుపు.  ముందు వరసలో ఒక చిన్నపాప, "బట్ ఇట్స్..." అని మొదలుపెట్టగానే వాళ్ళమ్మ ఆ నోట్లో లామింగ్టన్ ముక్క పెట్టేసింది. వియత్నాం ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. నేను నేల వైపు చూస్తున్నాను.

కుర్చీ జరిగిన చప్పుడు. ఆయన భార్య లేచి నిలబడింది. వేదిక దగ్గరికి నడిచి, గిటారు ముందు భాగం మీద చెయ్యి వేసింది.

"అదే ఆకుపచ్చ," అంది, హాలంతా వినిపించేలా. "అచ్చం అదే."

జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో కొందరికి తెలియకపోయినా కొట్టారు. ఆయన వాయించాడు. జంటలు నాట్యం చేసే పాత వాల్ట్జ్ ఒకటి. చేతులు మునుపటిలా లేవు, ఒకచోట తప్పు పెడల్ పడితే వియత్నాం ఆవిడ కళ్ళు మూసుకుంది. అయినా ఆ వాయిద్యంలో ఒక గుణం ఉంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి అడుగు వెయ్యదు, జారుతుంది. వింటున్న మనం కూడా దాని వెంట జారిపోతాం. ఆమె వేదిక పక్కనే నిలబడి మొత్తం వింది.

తర్వాత టీ దగ్గర ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"రంగు వేసింది నువ్వేనా?"

"నేనే."

"ఆయన నీకు ఆకుపచ్చ అని చెప్పాడా?"

"చెప్పారు."

"మరి నువ్వు ఇది వేశావు."

"మొదట ఆకుపచ్చే వేశానండీ," అన్నాను. "తర్వాత చెక్క మాట విన్నాను."

ఆమె నవ్వింది. "ఆ రోజు నేను వేసుకున్నది మా అక్క ఎర్ర గౌను. ఆకుపచ్చ అన్నాడేమిటి, సంగీతం వాయించేవాళ్ళు ఇలాగే మాట్లాడతారు కాబోలు అనుకున్నాను. నెల తర్వాత వాళ్ళ తోట నుంచి ఒక బుట్ట టమాటాలు తెచ్చి గర్వంగా నా చేతిలో పెట్టాడు. సగం పచ్చివి. అప్పుడు అర్థమైంది. పెళ్ళయ్యాక నలభై ఏళ్ళు టమాటాలు పండించాం. కోత మాత్రం నేను ఎవరికీ వదల్లేదు." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆయనకు తెలియదు. నువ్వు చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. నా గుండె మీదినుంచి పెద్ద బరువు దిగింది. ఒక రకంగా చూస్తే, నేను చేసిన పనిని అసలు రంగు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఒప్పుకుంది. ఇంతకంటే ఏం కావాలి?

వియత్నాం ఆవిడ, యజమాని వ్యానులో సామాన్లు సర్దుతున్నారు. నేను వేదిక మీద మా దుప్పటి మడత పెడుతుంటే పెద్దాయన మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"లవ్, ఆ రోజు నీ గిన్నెలో ఉన్నదేమిటి?"

"మామిడికాయ పచ్చడి."

"ఏ రంగు?"

నేను దుప్పటి మడత సరిచేశాను.

"ఎరుపా?"

"ఎరుపే," అన్నాను.

"బాగా ఎరుపా?"

"బాగా."

ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. "మీ ముగ్గురూ ఒక్కసారిగా ఆగిపోయారు. నేను యాభై ఏళ్ళు ఇలాంటి హాళ్ళల్లో వాయించిన వాణ్ణి. తప్పు స్వరం పడితే వినేవాళ్ళ మొహాలు ఎలా అవుతాయో నాకు బాగా తెలుసు. ఇంటికి నాలుగు గంటల ప్రయాణం కదా, ఆలోచిస్తూ వెళ్ళాను. దారిలో లిత్గో ఊరు దాటేసరికి టమాటాల సంగతి అర్థమైంది. ఆమెకు చాదస్తం, అందుకే తనే కోస్తుంది అనుకునేవాణ్ణి. బాథర్స్ట్ దాటేసరికి గౌను సంగతి అర్థమైంది. అక్కడ బండి ఆపేసి కాసేపు కూర్చున్నాను."

"మరి ఈ రోజు ఆకుపచ్చ అని ఎందుకన్నారు?"

"నన్ను పట్టిస్తుందేమో చూద్దామనుకున్నాను." ఆయన హాలు అవతల మనవరాళ్ళ మధ్య కూర్చున్న భార్య వైపు చూశాడు. "పట్టించలేదు చూశావా? అరవై ఏళ్ళు కష్టపడి దాచింది. ఇప్పుడు నాకు తెలిసిపోయిందంటే పాపం ఆమెకేం మిగులుతుంది? నువ్వు చెప్పకు."

ఆయనకూ మాటిచ్చాను.

తిరుగు ప్రయాణంలో వియత్నాం ఆవిడ ఆగకుండా అడిగింది, వాళ్ళిద్దరూ నాతో ఏం మాట్లాడారని. రంగు బాగుందన్నారని చెప్పాను. యజమాని బాథర్స్ట్ దాకా రోడ్డే చూస్తూ నడిపాడు. అక్కడ పెట్రోలు పోసుకుని మళ్ళీ బయల్దేరాక, అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఇద్దరికీ తెలుసా?" అన్నాడు.

"ఇద్దరికీ."

ఆయన తలాడించాడు. వియత్నాం ఆవిడ, "ఏమిటి తెలుసు, ఎవరికి తెలుసు?" అని కొండలు దిగేదాకా సాధించింది. మేం చెప్పలేదు. ఆవిడకు ఇంగ్లీషులో మాట నిలవదు, వియత్నామీలో అసలే నిలవదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది, పలకలు విప్పకుండా రంగు కలపవద్దని, విప్పాక నాలుగు పేజీలు రాయవద్దని. మిగతాది మీ చేతులే నేర్పుతాయి.

పెద్దాయనా ఆవిడా ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నారు. క్రిస్మస్‌కు కార్డు వస్తుంది, ఇద్దరి సంతకాలతో. అందులో ప్రతి ఏడూ ఆకుపచ్చ గిటారు క్షేమంగా ఉందని ఒక వాక్యం ఉంటుంది. ఒక ఏడు ఆయన చేతిరాత, ఒక ఏడు ఆమెది. ఇద్దరికీ ఇచ్చిన మాట ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నాను. ఇక కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు. ఎక్కడైనా రాసెయ్యాలి అనుకుని, చాలా ఆలోచించి, వాళ్ళిద్దరికీ రాని భాషలో రాశాను.